నామాలోడొక్కడే మిగిలినాడు

శనివారం పొద్దున్నే పండ్లు తోముకుంటా హాల్లోకి వచ్చిన అమరేష్, చేపల తొట్టి ముందర నిలబడి, బ్రష్షు నోట్లో అట్లే పెట్టుకోని లెక్కబెట్టినాడు. లెక్కబెట్టేదానికి ఏముండాది, మిగిలిందే రెండు. ఆ రెండిట్లో ఒకటి పగడపు రాయి వెనకాల పక్కకు ఒరిగి పడుండాది. నామాలోడి పెండ్లాము. నామాలోడు దాని చుట్టూ తిరిగి, మూతితో ఒకసారి పొడిచి చూసి, మళ్ళా తిరుగుతా ఉండాడు.

అమరేష్‌కు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవురి మీద మండల్లో తెలీక ఇంకా ఎక్కువ మండింది. నాలుగు వారాల్లో నాలుగో చావు ఇది. ఏదైనా రోగమా అంటే ఒంటి మీద మచ్చ లేదు, రెక్క చిరగలేదు. రాత్రి తిన్నది తిన్నట్టే తిని, తెల్లారేసరికి చచ్చిపోతే మనిషి ఏం చేసుకోవాల?

ఆయప్పకు చిక్కబళ్ళాపురం బజారులో ఎరువులు, పురుగుమందుల అంగడి ఉండాది. పోయినేడు ఒక కంపెనీవాళ్ళు బాగా సరుకు అమ్మిన డీలర్లను గోవాకు పిలుచుకోని పోయినారు. తక్కినోళ్ళందరూ బీచిలో పడి దొర్లితే, ఈ మనిషి హోటలు ముందరి హాల్లో పెట్టిన గాజుతొట్టి కాడ మూడు పూటలా నిలబడినాడు. పగడాలు, రంగు చేపలు, మీసాలు తిప్పే రొయ్య, సముద్రమంతా దాంట్లోనే ఉండాది. ఊరికి వచ్చినంక ఆ పిచ్చి వదల్లేదు. బెంగుళూరులో యశస్ అని చేపలమ్మే పిల్లోడి కాడ నూరు లీటర్ల తొట్టి కొని, హాల్లో నిలబెట్టినాడు. ఈ సీమలో వెయ్యడుగులు బోరు దించినా నీళ్ళు పడవు, పడినా నోట్లో పోసుకునేట్టుండవు. అట్లాంటి ఊర్లో మంచినీళ్ళను ఫిల్టరు పట్టి, బెంగుళూరు నుంచి ఉప్పు తెచ్చి దాంట్లో కలుపుతాండాడే అని ఎదురింటోళ్ళు కడుపు పట్టుకోని నవ్వినారు. నవ్వనీలే అనుకున్నాడు.

ఆ తొట్టి ఆయప్పకు సరదా కోసమే వచ్చింది కానీ, ఇంట్లో అది చేసిన పని వేరే. తండ్రి చంద్రప్ప పోయినప్పట్నుంచి తల్లి అంబుజమ్మ లోపలి గది వదిలి బయటికి రాలేదు. పధ్నాలుగు నెలలు. అన్నం ఆడికే, కాఫీ ఆడికే, అడిగితే ఒక మాట, అడగకపోతే అదీ లేదు. చేపలు వచ్చిన మూడో రోజు ఆయమ్మ గోడ పట్టుకోని హాల్లోకి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ తొట్టి ముందరికి లాక్కోని కూర్చున్నది. ఆ పూట అన్నం కూడా ఆడే తిన్నది. కోడలు ప్రేమ వంటింట్లోంచి చూసి, గరిటె కింద పెట్టి, చీర చెంగుతో కండ్లు తుడుచుకున్నది.

చేపలకు పేర్లు పెట్టింది కూడా అంబుజమ్మే. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలుండే జంటకు నామాలోడు, నామాలోడి పెండ్లాము. తోక మంట మాదిరి ఎర్రగా ఉండేది జ్వాలమ్మ. సగం ఊదా సగం పసుపు ఉండే చేప, అచ్చం ప్రేమకు పెండ్లిలో పెట్టిన పట్టుచీర రంగే అని, దాని పేరు కోడలి చీర. రొయ్యకు మీసాలప్ప. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటితోనే మాటలు. మీసాలప్పా నిన్న యాడ దాక్కున్నావు, జ్వాలమ్మా నువ్వెందుకు అలిగినావు. మనుషులతో ఆడని మాటలన్నీ ఆ గాజు ముందర ఆడుతాండాది.

అందుకే అమరేష్‌కు చేపలు చచ్చేదొక్కటే కాదు బాధ. తొట్టి ఖాళీ అయితే అమ్మ మళ్ళా ఆ గదిలోకి పోతాది. ఈ మాట ఇంట్లో ఎవురూ బయటికి అనలేదు కానీ, మొగుడికీ తెలుసు, పెండ్లానికీ తెలుసు.

వినాయకచవితి అయిన వారానికి మీసాలప్ప ముందు పోయినాడు. రొయ్యలు అట్లే పోతుంటాయిలే సార్ అన్నాడు యశస్ ఫోనులో. మరుసటి వారం జ్వాలమ్మ. ఆ తర్వాత కోడలి చీర. ఇంక అమరేష్ మనిషి మనిషిగా లేడు. అమ్మోనియా టెస్టు చేసినాడు, సున్నా. ఉప్పు కొలిచినాడు, సరిగ్గా ఉండాది. వేడి ఇరవై ఆరు డిగ్రీలు, దాంట్లో తప్పు లేదు. కొత్త ఉప్పు ప్యాకెట్ తెచ్చినాడు, ఫిల్టర్లు మార్చినాడు. నీళ్ళలోకి కరెంటు దిగుతాండాదేమో అని, మోటార్లు రిపేరు చేసే ఆంజనేయప్పను పిలిపిస్తే, ఆయప్ప మీటరు పెట్టి గంటసేపు చూసి, నీ తొట్టి నా ఇంటికన్నా భద్రంగా ఉండాదప్పా అని కాఫీ తాగి పోయినాడు. రాళ్ళలో పీత దాక్కోని చేపల్ని చంపుతాదని ఏదో వీడియోలో చూసి, ఒక ఆదివారమంతా కూర్చోని రాళ్ళన్నీ బయటికి తీసినాడు. నిజంగానే ఒక సందులో పీత దొరికింది. దొంగ దొరికినాడురా అనుకునేసరికి, ఆ పీత కాళ్ళు ముడుచుకోని ఎప్పుడో చచ్చుండాది. చచ్చినదాన్ని పట్టుకోని తిట్టలేక, దాన్ని తీసి బయట పారేసినాడు. పగడాలు మాత్రం ఏమీ పట్టనట్టు విచ్చుకోని నిగనిగలాడుతాండాయి. అదే ఆయప్పకు ఇంకా కడుపుమంట.

యశస్‌కు ఫోను చేసి, రోగిష్టి చేపలంటగట్టినావని నోటికొచ్చినట్టు తిట్టినాడు. ఆ పిల్లోడు ఓపిగ్గా విని, సార్, మీ ఇంట్లో ఎవురో ఏదో వేస్తాండారు అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకోని అమరేష్ ఇంట్లో పోలీసోడయినాడు. ప్రేమను దోమల స్ప్రే కొట్టినావా అని అడిగినాడు, ఆమె లేదన్నది. మళ్ళా అడిగినాడు. మూడోసారి అడిగితే, ఇంక ఇంట్లో ఊపిరి తీసుకునేది కూడా నిన్నడిగే తీసుకుంటానని చెప్పి, బ్యాగు తగిలించుకోని బడికి పోయింది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. తల్లిని కూడా అడిగినాడు, మెత్తగానే.

"నేనేమేస్తానప్పా. ఏమీ వెయ్యొద్దని చెప్పినావు కదా, గింజ కూడా వెయ్యలేదు" అన్నది అంబుజమ్మ.

నామాలోడి పెండ్లాము పోయిన ఆ శనివారం, ప్రేమ క్యాలెండరు తెచ్చి అమరేష్ ముందర పెట్టింది. ఎంత కోపమున్నా లెక్కల టీచరు లెక్కల టీచరే. నాలుగు చావులకూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుండాది. నాలుగూ శనివారాలే, ఒకదాని కింద ఒకటి బారుగా నిలబడుండాయి. శుక్రవారం ఈ ఇంట్లో ఏదో జరుగుతాండాది, అది కనుక్కో అన్నది.

శుక్రవారం ఏం జరుగుతాదో అమరేష్ వేళ్ళ మీద లెక్కబెట్టినాడు. రిపేర్లని రెండు గంటలు కరెంటు పోతాది. దానికి బ్యాటరీ మోటారు కొన్నాడు. ఇంట్లో ఫినాయిలు వేసి తుడుస్తారు. ఫినాయిలు సీసా తీసి వీధిలో పారేసినాడు. సాంబ్రాణి వేస్తారు. ఆ పొగే నీళ్ళలో దిగుతాండాదని ఖాయం చేసుకోని, ఈ శుక్రవారం నుంచి ఇంట్లో సాంబ్రాణి లేదు, ఊదుబత్తి లేదు అని ఆర్డరేసినాడు. అంబుజమ్మ ముఖం చిన్నబుచ్చుకున్నది. దేవుడికి పువ్వైనా పెట్టొచ్చునా అని అడిగితే, పూలకేమమ్మా, కావల్సినన్ని పెట్టుకో అన్నాడు. ఆ మాట నోరారా తనే అన్నాడు.

శుక్రవారం వచ్చింది. పది గంటలకు అంగడికి నంది ఊరి నుంచి మునినారాయణ వచ్చినాడు, చేతిలో ఎర్ర రోజాపూల సంచి. ఆయప్పకు ఎకరా రోజాతోట. అంగడికి పాత గిరాకీ. అంబుజమ్మ పూజకని ప్రతి శుక్రవారం సంచి నిండా పూలు తెచ్చిస్తాడు. దసరా ముందర పువ్వు బంగారం ధర పలుకుతున్నా ఒక్క వారం మానలేదు. మామూలుగా అమరేష్ మధ్యాన్నం భోజనానికి పోతా ఆ సంచి తీసుకోని పోతాడు, అమ్మకిచ్చి, తిని, నడుం వాల్చి, మళ్ళా అంగడికి వస్తాడు. ఆ రోజు మాత్రం అమ్మే ఫోను చేసి, పూలు బిరీన పంపించప్పా, ఈసారి పూజ బాగా చెయ్యల్ల అన్నది. తెలిసిన ఆటో పోతాంటే ఆపి సంచి దాంట్లో పెట్టినాడు.

తర్వాత పల్లె నుంచి మునికృష్ణప్ప అనే ముసలాయన వచ్చి, వంకాయ తోటకు పురుగు పడిందని మందు అడిగినాడు. అమరేష్ సీసా తీసి బల్ల మీద పెట్టి, పదిహేనేండ్లుగా రోజుకు పదిసార్లు చెప్పే పాఠం చెప్పినాడు. లీటరు నీళ్ళకు అర మిల్లీ, ఎక్కువ పొయ్యొద్దు. మూతికి గుడ్డ కట్టుకో. గాలికి ఎదురు నిలబడొద్దు. కుంట పక్కన కొట్టొద్దు, చేపలు చస్తాయి.

ఆ చివరి మాట దగ్గర నోరు ఆగిపోయింది. మునికృష్ణప్ప ఇంకా ఏమైనా చెప్తాడేమోనని ముఖం చూస్తా నిలబడినాడు. అమరేష్ మాత్రం బెంచీ మీద కూర్చోనుండే మునినారాయణ పక్క తిరిగినాడు.

"పూలకు మందు ఎప్పుడు కొట్టినావు?"

"నిన్న సాయంత్రం కొట్టినానప్పా, తెల్లారి కోసుకొచ్చినా. చవితి కాడ నువ్విచ్చిన కొత్త మందే. త్రిప్స్ పురుగు అనేది కంటికి కనపడల్లేదు" అన్నాడు మునినారాయణ, మెచ్చుకోలుగా.

అమరేష్ ఇంటికి ఫోను చేసినాడు. మోగి మోగి ఆగిపోయింది. పూజలో ఉంటే అమ్మ ఫోను ముట్టదు. ప్రేమ బడిలో ఉంటాది. అంగడి అట్లే వదిలేసి స్కూటరెక్కినాడు.

దారి పొడుగునా తనను తానే తిట్టుకుంటా పోయినాడు. ముందు పోయింది రొయ్య, తర్వాత పీత. పురుగుకు అన్నదమ్ములు కదరా అవి. పురుగును చంపే మందు మొదట వాటినే చంపుతాది, తర్వాత చేపల్ని. పగడానికి ఏమీ కాదు. పల్లెటూరి ముసలాయన అడిగితే నిద్దట్లో కూడా చెప్తాడు ఈ సంగతి. నాలుగు వారాలు అమ్మోనియా అన్నాడు, కరెంటన్నాడు, కట్టుకున్నదాన్ని దొంగను అడిగినట్టు అడిగినాడు. తను అమ్మిన మందు తన చేతి సంచిలోనే ఇంటికొస్తాండాదని బుర్రకు తట్టలేదు. కానీ పూలు దేవుడి పటాలకు కదా పోయేది, తొట్టి దగ్గరికి ఎట్ల వస్తాయి అని ఒక మూల ఆశ కూడా ఉండాది.

ఆ ఆశ ఇంటి వాకిలి దాకానే. లోపల అంబుజమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకోని, తొట్టి మూత పక్కకు జరిపి నిలబడుండాది. గాజుకు ఎప్పుడూ లేని పసుపు, కుంకుమ బొట్లు. చేతిలో రోజాపువ్వు. దాన్ని కాడ పట్టుకోని నీళ్ళలో ముంచి, మూడుసార్లు తిప్పి, కండ్లు మూసుకోని ఏదో మొక్కుకోని, జాగ్రత్తగా బయటికి తీసి పళ్ళెంలో పెట్టింది. పళ్ళెంలో అప్పటికే నాలుగు తడిసిన పూలుండాయి.

"ఎన్నిసార్లు చెప్పినానమ్మా నీకు, నీళ్ళలో ఏమీ పెట్టొద్దని!" అమరేష్ గొంతు ఇల్లంతా మోగింది. పుట్టి బుద్ధెరిగినాక తల్లి మీద అట్ల అరిచింది లేదు.

అంబుజమ్మ పళ్ళెం ఎత్తి చూపించింది. నేనేం వెయ్యలేదప్పా అన్నది. ముంచి తీసేస్తాండా, ఒక్క రెక్క కూడా దాంట్లో రాలనియ్యలేదు. ఇంట్లోకి గంగమ్మ వచ్చి కూర్చున్నాక పూజ చెయ్యకుండా ఎట్లుంటారు? మీ నాయన బోరేయించినప్పుడల్లా గంగపూజ చేసినాము కదా, నీళ్ళకు పువ్వు చూపించాము కదా. చేపలొచ్చినప్పట్నుంచి ప్రతి శుక్రవారం, నువ్వు అంగడికి పోయినాక చేస్తాండా. ముందు ఒక పువ్వే ముంచేదాన్ని. మీసాలప్ప పోయినాక రెండు చేసినాను. ఒకటి పోయేకొద్దీ ఒక పువ్వు ఎక్కువ చేస్తాండా, మిగిలినోళ్ళనైనా కాపాడు తల్లీ అని.

ఆ మాటలు వింటానే అమరేష్ చేతులు పని చేస్తాండాయి. ఆదివారం నీళ్ళు మార్చేదానికని కలిపి పెట్టిన ఉప్పునీళ్ళ డ్రమ్ములోంచి బకెట్ నింపినాడు. వలతో నామాలోణ్ణి పట్టి దాంట్లోకి వదిలినాడు, గాలి గొట్టం పెట్టినాడు. నామాలోడు అడుగున ఒక పక్కకు పడి, గబగబా మూతి తెరిచి మూస్తాండాడు. పూలకు కొట్టిన మందు సంగతి అప్పుడు చెప్పినాడు, అరుపు తగ్గించుకోని, నేల చూస్తా.

అంబుజమ్మ అంతా విన్నది. పళ్ళెంలో పూలు చూసింది, తన వేళ్ళు చూసుకున్నది.

"అయితే నేనేనా చంపింది?"

"కాదమ్మా. మందు అమ్మింది నేను. పూలు తెచ్చింది నేను. పెట్టుకోమని చెప్పింది కూడా నేనే."

ఆయమ్మ పళ్ళెం కింద పెట్టి, గోడ పట్టుకోని, లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరకేసుకున్నది.

నామాలోడు బతికినాడు. శనివారం పొద్దున్నే బకెట్‌లో నిలువుగా నిలబడినాడు, ఆదివారం మెతుకంత మేత తిన్నాడు. అమరేష్ తొట్టి నీళ్ళన్నీ తోడిపోసి, గాజు కడిగి, రాళ్ళు కడిగి, కొత్త నీళ్ళు నింపి, బొగ్గు ఫిల్టరు పెట్టి, మంగళవారానికి వాణ్ణి మళ్ళా ఇంట్లో చేర్చినాడు. యశస్‌కు ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాడు. ప్రేమ కాడ కూడా ఒప్పుకున్నాడు, అది కొంచెం కష్టమయింది. అన్నీ సరిపోయినాయి. హాల్లో ప్లాస్టిక్ కుర్చీ మాత్రం ఖాళీగా ఉండాది.

అన్నం మళ్ళా గదిలోకే పోతాండాది. నామాలోడు బాగుండాడు రామ్మా, చూద్దువుగానీ అని తలుపు కాడ నిలబడి ఎన్నిసార్లు పిలిచినాడో. నా చెయ్యి ఆడ పడకూడదప్పా అని ఒక్కటే మాట. ఎంత చెప్పినా అంతే. కోపంతో ఒకసారి తలుపు మీద అరచేత్తో కొట్టి, సిగ్గుపడి అంగడికి పోయినాడు. బుధవారం సాయంత్రం కాఫీ ఇచ్చేదానికి పోతే, అమ్మ తనంతట తనే నోరు తెరిచింది.

"మందు తగలని పువ్వు ఈ సీమలో యాడన్నా ఉండాదా అప్పా?"

అమరేష్ కాఫీ గ్లాసు ఆయమ్మ చేతికిచ్చి బయటికి వచ్చినాడు.

శుక్రవారం అంగడి తెరవకుండా స్కూటరు బాగేపల్లి దారి పట్టించినాడు. దారికి రెండు పక్కలా తోటలే. అది ఎవురి చామంతి, ఏ వారం ఏ సీసా తీసుకోని పోయినాడు, ఆయప్పకు కంఠస్థం. ఆ ద్రాక్షకు పోయిన సోమవారం ఇచ్చినాడు. ఆ టమాటాకు మొన్ననే. ఆ కనకాంబరానికి నెలకు రెండుసార్లు. చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి దాకా తన బల్ల మీద నుంచి పోయిన మందు తగలని చెట్టు ఒకటి కనపడలేదు. బాగేపల్లి దాటి పాతపాళ్యం పక్క తిరిగినాక తోటలు పోయి, రాళ్ళ చేన్లు వచ్చినాయి. ఒక ఉలవ చేని గట్టు మీద తుమ్మి మొక్కలు తెల్లగా పూసుండాయి. చేన్లో కలుపు తీస్తాండే తిమ్మక్క అనే ఆమెను, ఈ చేనికి ఏమైనా మందు కొడతారా అమ్మా అని అడిగినాడు.

"నీ అంగడికి వచ్చేంత పంట మాకు యాడ పండుతాదప్పా" అన్నది ఆమె, తల ఎత్తకుండానే. ఆయప్ప ఎవురో ఆమెకు తెలుసు. ఆ పక్క వాళ్ళు అందరికీ తెలుసు.

అమరేష్ గట్టు మీద కూర్చోని తుమ్మి పూలు ఏరినాడు. గోరంత పువ్వు, పిడికెడు కావాలంటే గంట పట్టింది. చేతులు అంగడి చేతులని గుర్తొచ్చి, మధ్యలో లేచి సీసాలో ఉండే నీళ్ళతో కడుక్కోని మళ్ళా ఏరినాడు.

ఇంటికి వచ్చి గది తలుపు తోసి, ఆకులో చుట్టిన పూలు అమ్మ ఒళ్ళో పెట్టినాడు. ఆయమ్మ ముక్కు దగ్గర పెట్టుకోని వాసన చూసింది. యాడికి పోయినావప్పా అని అడిగింది. పాతపాళ్యం దాకా పోయినానని చెప్పినాడు. అంత దూరమా అన్నది. అంతకన్నా దగ్గర్లో లేదమ్మా అన్నాడు.

ఆయమ్మ ఆ పూలు తీసుకోని లేచి, గోడ పట్టుకోని హాల్లోకి వచ్చింది. కుర్చీలో కూర్చున్నది. అమరేష్ తొట్టి మూత తీసి, ముంచమ్మా, దీనికి ఏమీ కాదు, నేను చెప్తాండా అన్నాడు.

అంబుజమ్మ మూత వెయ్యమని సైగ చేసింది. ఒక తుమ్మి పువ్వు రెండు వేళ్ళతో పట్టుకోని, గాజుకు బయటి పక్కనే ఆనించి పెట్టింది. నామాలోడు రాళ్ళలోంచి వచ్చి, లోపలి నుంచి ఆ పువ్వు ఎదురుగా నిలబడినాడు.

"వద్దప్పా. వానికి చూపిస్తే చాలు" అన్నది.